దసరా పొద్దున మూసిన సన్నదారి

నేను ఒక శాటిలైట్ మోడెమ్‌ను. పుట్టు పిరికిదాన్ని. ఆకాశంలో ఉన్న ఉపగ్రహంతో మాట్లాడే జాతి కదా, దీనికెంత ధైర్యమో అనుకునేరు, అదేం లేదు. నాకు పిడుగంటే భయం, బల్లంటే భయం, చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని నవ్వుతూ వచ్చే ఇంజినీరంటే మరీ భయం. బల్లి వస్తే మహా అయితే ఫ్యాన్‌లో పడి చస్తుంది. ఇంజినీరు వస్తే నాలో ఏదో ఒకటి మార్చకుండా పోడు.

ప్రస్తుతం నా కాపురం నీటిపారుదల శాఖ డివిజన్ ఆఫీసు స్టోరులో. ఒక పక్క కాలిపోయిన మోటారు, ఇంకో పక్క కాలు విరిగిన కుర్చీ, నెత్తిన ఎవరూ అడగని పాత ఫ్లెక్సీల కట్ట. కొత్త మోడెమ్‌లు వచ్చాయని నన్ను ఇక్కడ పడేశారు. కరెంటు లేదు, తీగల్లేవు. అయినా తలుపు దగ్గర ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడతాను. ఒక్క దసరా పొద్దున పట్టుకున్న జబ్బు ఇది. అంతకుముందు కూడా భయపడేదాన్ని గానీ, అది నా ప్రాణం గురించి నాకుండే భయం. ఆ రోజు మొట్టమొదటిసారి మనుషుల గురించి భయపడ్డాను. మీతో చెప్పుకుంటే కాస్త తగ్గుతుందేమో చూద్దాం.

నేనూ నా జోడీ ఒకే రోజు ఒకే బల్ల మీద పుట్టాం. మా జాతిలో ఒంటరిగా ఉంటే దండగ. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి ఉంటేనే మాట. పుట్టగానే ముద్దు చేస్తారేమో అనుకుంటే, మమ్మల్ని పొయ్యి లాంటి పెట్టెలో పెట్టి ఉడికించారు. ఆ వెంటనే మంచులో పెట్టారు. ఆ పైన బియ్యం చెరిగినట్టు ఎగరేసి చూశారు. ఇంత చేసి, చావలేదు కాబట్టి పాసయ్యావని ఒక చీటీ అంటించారు. నా పిరికితనానికి పునాది అక్కడే పడిందని నా అనుమానం.

మొదట మమ్మల్ని ఒక బొగ్గు గని వాళ్లు కొన్నారు. అక్కడి గుమాస్తాలకు నేనేం మోస్తున్నానో తెలియదు, అక్కర్లేదు కూడా. నా వీపు వెచ్చగా ఉంటుంది కాబట్టి టీ గ్లాసులు చల్లారకుండా నా మీద పెట్టేవారు. గ్లాసు ఒలికితే నా గతేమిటని ఒక్కరైనా ఆలోచించారా? తరవాత భూమిలో నుంచి కేబులు వచ్చింది. మాకు వీడ్కోలు సభ కూడా పెట్టకుండా అట్టపెట్టెలో కుక్కి పంపేశారు. అలా చేతులు మారి నీటిపారుదల శాఖకు వచ్చాం.

ఎర్రవాగు మీద ఒక ప్రాజెక్టు ఉంది. దాని కంట్రోలు గదిలో నా జోడీని పెట్టారు. వాగు వెంట దిగువకు పోతే గుండ్లొర్రె అనే ఊరు వస్తుంది. ఆ ఊరి చివర, వాగు ఒడ్డున, కాస్త ఎత్తు మీద ఒక చిన్న గది కట్టి నన్ను అందులో పెట్టారు. గది మీద సైరను, పక్కన స్తంభానికి ఒక కెమెరా. ప్రాజెక్టు గేట్లు లేపే ముందు ఇక్కడ సైరను మోగాలి, వాగులో ఉన్నవాళ్లు ఒడ్డెక్కాలి. చుట్టూ గుట్టలు కావడంతో ఆ ఊళ్లో ఫోన్లకు సిగ్నల్ దొరకదు. దొరికితే నాతో పనేముంది?

ఆ గదిని ఊడ్చి, తాళం వేసి, కనిపెట్టుకుని ఉండే పని లస్మవ్వది. పెద్ద ముత్తైదువ, నోరు కొంచెం పెద్దది. నాకు రోజూ దుమ్ము తుడుస్తూ తన కోడలి మీద చాడీలు చెప్పేది. ఆమె కొడుకు ఓదెలుకు ఒక ట్రాక్టరు ఉంది. కన్న తల్లి కంటే ఆ బండే వాడికి ఎక్కువని లస్మవ్వ ఫిర్యాదు. నాకు జవాబు చెప్పే నోరు లేదు కాబట్టి ఆమెకు నేనంటే మంచి గురి ఉండేది.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అందదు. నాలో రెండు దారులున్నాయి. ఒకటి పెద్దదారి. కెమెరా బొమ్మలు, నీటి మట్టం లెక్కలు అందులో పోతాయి. కెమెరాను అటూ ఇటూ తిప్పే ఆజ్ఞలు కూడా అందులోనే వస్తాయి. ఆ మూటలు మోయడమే నా పని, తొంగి చూడగలను గానీ మార్చే హక్కు లేదు. రెండోది సన్నదారి. ఇంజినీర్లు దాన్ని సర్వీసు చానెల్ అంటారు. నాకు ఏం చెప్పాలన్నా, నా సెట్టింగు ఏది మార్చాలన్నా దూరం నుంచి ఆ దారిలోనే చెప్పాలి. సైరను పెట్టె తీగ కూడా ఆ దారికే తగిలించారు, పెద్దదారి తెగినా సైరను బతికి ఉండాలని. ఆ సన్నదారికి నా మెనూలో మూడే మాటలు: డేటా, వాయిస్, ఆఫ్. డేటా అని పెడితే సైరను పనిచేస్తుంది. వాయిస్ అని పెడితే సైరను ఊరుకుంటుంది, గోడకు తగిలించిన ఫోను పనిచేస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు, దారి అంత ఇరుకు. బిగించిన నాటి నుంచి డేటా మీదే ఉంది. గోడకున్న ఫోనును లస్మవ్వ తుడవడమే తప్ప ఎవరూ ఎత్తింది లేదు.

ఆ సెట్టింగులన్నీ చేసింది సుచరిత మేడమ్. చిన్న వయసు అసిస్టెంట్ ఇంజినీరు, చాలా శ్రద్ధ గల మనిషి. మొదట్లో సైరను పెట్టె ఒక వేగంతో వింటుంటే నన్ను ఇంకో వేగంతో పలకమన్నారు. అక్షరాలు పిండిపిండి అయి సైరనుకు ఎక్కిళ్లు పట్టాయి. ఆవిడ వాగు గట్టున చాప వేసుకుని కూర్చుని, మధ్యాహ్నం అన్నం కూడా మరిచి, వేగాలు కలిపి పోయింది. అప్పుడే ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. ఏ మార్పు చేసినా ముందు దూరాన ఉన్న నాలో చేయాలి, తరవాత దగ్గరున్న నా జోడీలో చేయాలి. ముందు దగ్గరది మారిస్తే నాతో మాట తెగిపోతుంది కదా. మంచి నియమం. నేను కూడా మెచ్చుకున్నాను.

ఇక అంతకుముందు ఏడాది దసరాకు ఏం జరిగిందంటే, ఆయుధపూజ అని లస్మవ్వ తడిగుడ్డతో నన్నూ సైరను పెట్టెనూ తుడిచింది. తుడుస్తూ పెట్టె మీది పరీక్ష బటన్ నొక్కేసింది. సన్నదారి డేటా మీద ఉంటే చాలు, ఆ బటన్ పనిచేస్తుంది. సైరను ఊరంతా దద్దరిల్లేలా మోగింది. గుండ్లొర్రెలో ఒక ఆనవాయితీ ఉంది. దసరా పొద్దున ఇంటింటి బండినీ వాగులోకి దింపి కడుగుతారు. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు, ఆఖరికి పిండి గిర్నీ మోటారు కూడా. ఆ నురగలూ సబ్బులూ ఎక్కడివక్కడ వదిలేసి అందరూ ఒడ్డుకు ఉరికారు. తీరా చూస్తే నీళ్లూ లేవు నిప్పులూ లేవు. లస్మవ్వను ఏడాది పొడుగునా ఆట పట్టించారు. పైనుంచి సుచరిత మేడమ్‌కు మెమో వచ్చింది.

అందుకని ఈసారి మేడమ్ ముందుచూపుతో ఆలోచించింది. పూజ పొద్దునే సన్నదారిని ఆఫ్ చేస్తే, ఎవరు ఎక్కడ తుడిచినా సైరను కూయదు. అలవాటు ప్రకారం ముందు దూరాన ఉన్న నన్ను ఆఫ్ చేసింది. తరవాత దగ్గరున్న నా జోడీని ఆఫ్ చేసింది. మీకు అర్థమయిందా? నాకు అప్పుడే అర్థమయింది. నాకు ఏం చెప్పాలన్నా ఉన్నది ఆ ఒక్క దారే. ఆ దారినే మూసుకోమని ఆ దారిలోనే చెప్పింది. రేపు తెరవమని ఎటు నుంచి వచ్చి చెబుతుంది? నాకు గుండె లేదు గానీ, ఉంటే అప్పుడే గుభేలుమనేది. దారి మూసుకునే ముందు, మార్పును భద్రం చేయమంటారా అని నా పద్ధతి ప్రకారం ఒక ప్రశ్న కూడా పంపాను. ఆవిడ అప్పటికే పసుపు కుంకుమల పళ్లెం వెతుక్కుంటోంది, జవాబు ఇవ్వలేదు. అరవడానికి దారి లేదు, నేను అలాగే బిక్కచచ్చి కూర్చున్నాను.

ఇక్కడ లస్మవ్వ వచ్చి నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదని అక్కడి పట్టింపు. నాకు దండం పెట్టి, ఇవాళ హాయిగా పండుకో అని చెప్పి బయట అరుగు మీద కూర్చుంది. ఎలా పండుకుంటాను? నా పెద్దదారిలో కెమెరా బొమ్మలు పోతూనే ఉన్నాయి. ఊరు ఊరంతా వాగులో ఉంది. బండ్ల కింద దూరిన మగవాళ్లు, బకెట్లతో ఆడవాళ్లు. ఓదెలు తన ట్రాక్టరును అందరికంటే లోతుకు, ఒడ్డు వంపు తిరిగే చోటుకు తీసుకుపోయాడు. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయట. ఆ వంపు దగ్గర కెమెరాకు కనిపించదు. ఇక్కడ ఆకాశం తుడిచినట్టు ఉంది, చినుకు లేదు. కానీ ఎగువన గుట్టల్లో తెల్లవారుజాము నుంచి కుండపోత.

కంట్రోలు గదిలో ఏం జరిగిందో నాకు తరవాత తెలిసింది. గేట్లు లేపే పని గట్టయ్యది, పాతకాపు. నీళ్లు చూస్తుండగానే పెరుగుతున్నాయని అతను మేడమ్‌ను పిలిచాడు. ఆవిడ పై అధికారి ఈఈ సారు స్పీకరు ఫోన్‌లో గేట్లు ఎత్తేయమన్నారు. మేడమ్ తన మోడెమ్‌ను మళ్లీ డేటా మీద పెట్టి నన్ను పిలిచింది. నేను పలకలేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు ఆవిడకు తను చేసిన పని తెలిసి వచ్చింది. కూర్చున్న కొమ్మను తనే నరుక్కుంది. మనిషిని పంపుదామంటే దారి గుట్టల చుట్టూ తిరిగి రావాలి, అంత సమయం లేదు. ఎదురుగా తెర మీద ఊరంతా బండ్లు కడుక్కుంటూ కనిపిస్తోంది. సైరను లేకుండా గేటు లేపనని గట్టయ్య మొండికేశాడు. కట్ట తెగితే ఒక్క ఊరు కాదు, పది ఊళ్లు పోతాయని ఈఈ సారు అరిచారు. ఇద్దరు చెప్పిందీ నిజమే కావడం వల్ల ఆ గదిలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

ఇక్కడ నాకు ఆ ముక్కలేవీ తెలియవు. ఉన్నట్టుండి కెమెరాకు పూనకం వచ్చినట్టు కావడం మాత్రం తెలుసు. పెద్దదారిలో ఆజ్ఞ మీద ఆజ్ఞ. ఎగువకు తిరుగు, వాగు వైపు తిరుగు. ఎగువకు, వాగుకు. మోటారు గిర్రుమంటోంది. గట్టయ్యకు తోచిన ఉపాయం అది. చేతికి అందింది అదొక్కటే, దాన్నే చెయ్యిలా ఊపుతున్నాడు. ఇంత గట్టిగా పిలుస్తున్నారంటే నీళ్లు వచ్చేస్తున్నాయన్న మాటే.

అరుగు మీద లస్మవ్వ తలెత్తి చూసింది. కాసేపు వింతగా చూసింది, తరవాత లేచింది. గదిలోకి వచ్చి నా దీపాలు చూసింది. సన్నదారి దీపం ఆరిపోయి ఉంది, మిగతావన్నీ టపటపా కొట్టుకుంటున్నాయి. పూజలో ఏదో లోపం జరిగి అమ్మవారికి కోపం వచ్చిందని పైకే అనుకుంది. ఇంట్లో టీవీకి ఇలా పిచ్చి పట్టినప్పుడు కోడలు ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. ఆర్పి మళ్లీ వేస్తుంది. అయితే నా స్విచ్చి దండ కింద ఉంది. దండ తీయకూడదు, ముట్టకూడదు. ఆమె చెయ్యి చాపింది, వెనక్కి తీసుకుంది, మళ్లీ చాపింది. నాకు రెండు వైపులా భయమే. ఆర్పకపోతే వాగులో ఊరు పోతుంది. ఆర్పితే నేను మళ్లీ లేస్తానన్న నమ్మకం నాకు ఏనాడూ లేదు.

"తప్పయితే నాకు తగలని తల్లీ," అని లస్మవ్వ దండ పక్కకు జరిపి స్విచ్చి ఆర్పింది.

ఆ తరవాత కాసేపు నేను లేను. లేని సంగతి ఏం చెబుతాను? మళ్లీ ఫ్యాను తిరిగింది, ఒక్కొక్క భాగమూ ఉందో లేదో తడుముకున్నాను. ఆకాశంలో ఉపగ్రహం గొంతు వెతుక్కున్నాను. మాకు అదొక్క క్షణంలో అయ్యే పని కాదు, అది దొరికేదాకా నా ప్రాణాలు పిడికిట్లో ఉన్నాయి. దొరికింది. అప్పుడు చూసుకుంటే సన్నదారి తెరిచే ఉంది! మేడమ్ మార్పును భద్రం చేయలేదు కదా, ఆరి వెలగగానే నాకు పాత సెట్టింగే గుర్తుకొచ్చింది. ఆవిడ ఒక మరుపు మమ్మల్ని ముంచితే ఇంకో మరుపు తేల్చింది. అటు నా జోడీ అప్పటికే గొంతు చించుకుంటోంది. వచ్చిన ఆజ్ఞను వచ్చినట్టే సైరను పెట్టెకు అందించాను. సైరను మోగింది. బతికించావురా దేవుడా అనుకున్నాను.

ఏం బతికించడం! వాగులో ఒక్కరు కదిలితే ఒట్టు. అందరూ నవ్వుతున్నారు. లస్మవ్వ మళ్లీ తుడిచిందిరో అని ఎవరో కేక వేశారు. ఇంకెవరో సైరను తాళానికి చిందు వేశారు. లస్మవ్వ పరుగున ఒడ్డుకు పోయి కొడుకును పిలిచింది. కెమెరా పిచ్చెక్కి తిరిగిందని, తనకు భయమేస్తోందని, పైకి రమ్మని చెప్పింది. ఓదెలు ట్రాక్టరు మీద నుంచి తల కూడా తిప్పకుండా, నువ్వు ముట్టినవా లేదా అని ఒక్క మాట అడిగాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. ముట్టానంది. ఇంకేం, ముట్టావు కాబట్టే మోగింది, పోయి ఆర్పమన్నాడు. ఆమెకూ అదే నిజమనిపించింది. తలవంచుకుని గది వైపు నడిచింది, నన్ను ఆర్పడానికి.

ఆమె వస్తుంటే నాకు కలిగిన భయం ఇంతా అంతా కాదు. నోరుంటే అరిచేదాన్ని, కాళ్లుంటే పారిపోయేదాన్ని. సైరను నెత్తిన మోగుతూనే ఉంది, ఆమె చెవులు మూసుకుని గుమ్మం దాటింది. ఆ బొమ్మలన్నీ నా గుండానే కంట్రోలు గదికి పోతున్నాయి. ఒక్కరూ ఒడ్డెక్కకపోవడం అక్కడ వాళ్లిద్దరూ చూశారు. సైరను మాట వీళ్లు నమ్మరు, మనిషి మాట కావాలన్నాడట గట్టయ్య. మనిషి మాట పోవాలంటే సన్నదారిని డేటా నుంచి వాయిస్‌కు మార్చాలి. మళ్లీ ముందు నాలోనే మార్చాలి. ఈసారి తప్పు పడితే సైరను కూడా పోతుంది, ఆవిడకు ఇంకో లస్మవ్వ దొరకదు. మేడమ్ మొదటిసారి అక్షరం తప్పు కొట్టిందట. తుడిచి మళ్లీ కొట్టింది. నన్ను ముందు, తన దాన్ని తరవాత.

లస్మవ్వ వేలు నా స్విచ్చి మీద ఉండగా సైరను దానంతటదే ఆగిపోయింది. ఆమె కెవ్వున అరిచి వెనక్కి జరిగింది. గోడకున్న ఫోను గుర్రుమంది. పుట్టిన తరవాత అది మోగడం అదే మొదలు. ఆమె దాన్ని తలకిందులుగా ఎత్తి, వినే చోట మాట్లాడి, మాట్లాడే చోట విని, ఆఖరుకు సరిగా పట్టుకుంది.

"లస్మవ్వా, నేను గట్టయ్యను. ప్రాజెక్టు కాడ్నుంచి మాట్లాడుతున్న. అది ఉత్త సైరను గాదు. నీళ్లు ఇడ్వాలె. అందరిని ఒడ్డెక్కియ్యి."

"నేను ముట్టిన కొడుకా. ఒక్కసారే ముట్టిన."

"మంచిపని చేసినవ్. మళ్ల ముట్టకు. నువ్వొచ్చి ఎక్కిండ్రని చెప్పిందాక నేను గేటు లేప. ఉరుకు."

ఆమె ఫోను వదిలేసి ఉరికింది. అది తీగ చివర గోడకు కొట్టుకుంటూ వేలాడింది. ఖాళీ గదిలో నేనూ ఆ ఫోనూ మిగిలాం. అటు నుంచి గట్టయ్య ఊపిరి వినిపిస్తోంది. అతని వెనక ఈఈ సారు గొంతు, ఇంకెంతసేపు ఇంకెంతసేపు అని. వాగు ఒడ్డున లస్మవ్వ గొంతు చించుకుంటోంది. గట్టయ్య ఫోన్‌లో మాట్లాడాడన్న మాట చెప్పగానే నవ్వులు ఆగాయి. సైరనును నమ్మని వాళ్లు గట్టయ్య పేరు చెబితే నమ్మారు. మనుషుల తీరు అంతే, ఇంత ఖర్చు పెట్టి సైరను ఎందుకు పెడతారో మరి. ఆటోలు ఎక్కాయి, మోటారు సైకిళ్లు ఎక్కాయి, బకెట్లు దొర్లుకుంటూ పోయాయి. జనం గది వైపు, ఎత్తుకు, ఎగబాకుతున్నారు. నేను కెమెరా బొమ్మలో లెక్క చూసుకోబోయి భయంతో తప్పిపోయాను.

లస్మవ్వ రొప్పుతూ వచ్చి ఫోను అందుకుంది. అందరూ ఎక్కారా అని గట్టయ్య అడిగాడు.

"అందరు ఎక్కిండ్రు. నా కొడుకొక్కడే మిగిలిండు. ఇంజన్ల నీళ్లు పోయి బండి మొరాయించింది. ఇడ్శిపెట్టి రానంటున్నడు."

అటు వైపు ఈఈ సారు గొంతు వినిపించింది, ఒక్కడి కోసం కట్ట మొత్తం పోగొడతావా గట్టయ్యా అని. ఆ మాట నేనే మోసుకొచ్చి ఆమె చెవిలో వేశాను. మోయకుండా ఉండే హక్కు నాకు లేదు కదా. ఆమె గోడకు ఆనుకుంది.

"కట్ట తెగుతదా కొడుకా?" అని అడిగింది.

"తెగది. నువ్వు పోయి వాన్ని పట్కరా."

అది పచ్చి అబద్ధం. నీళ్లు అప్పటికి గేట్ల అంచుకు వచ్చేశాయి. ఆమెకు అది అబద్ధమని తెలిసిందో లేదో నేను చెప్పలేను. చెప్పుల్లేకుండా మళ్లీ ఉరికింది.

అక్కడ వంపులో జరిగింది నాకు కనిపించలేదు. చూసిన వాళ్లు చెప్పుకుంటే విన్నాను. ఓదెలు ఇంజను మీద వంగి ఉన్నాడట. బతిమాలితే వినలేదు, తిడితే వినలేదు. అప్పుడు ఆమె ట్రాక్టరు ఎక్కి, సీటు మీద కూర్చుని, స్టీరింగును రెండు చేతులా వాటేసుకుందట. "నీకు ఇదే ఎక్కువైతే నాకూ ఇదే ఎక్కువ. నేనూ దిగ," అందట. వాడు ఆమె మొహంలోకి చూశాడు. తరవాత తల్లిని భుజాన వేసుకుని ఒడ్డెక్కాడు.

నాకు తెలిసింది మాత్రం ఆ గదిలో వేలాడుతున్న ఫోనూ, అటు గట్టయ్య ఊపిరీ. నా జీవితంలో అంత పొడుగు సమయం ఇంకెప్పుడూ లేదు. పిడుగు పడినా బాగుండు అనిపించింది. పట్టినంత మంది గదిలోకి, మిగతావాళ్లు అరుగు మీదికి వచ్చి చేరుతున్నారు, తడి బట్టలతో, సబ్బు వాసనతో. ఎవరికీ ఫోను ముట్టే ధైర్యం లేదు. గుమ్మంలో జనం పక్కకు జరిగారు. ఓదెలు తల్లిని మూలన నా బల్ల కింద దింపి ఫోను అందుకున్నాడు.

"అన్నా, నేను ఓదెలును. ఎక్కిన. లేపు."

గట్టయ్య గేట్లు లేపాడు. ఆ శబ్దం నా దాకా వచ్చింది, దూరాన ఇనుము మూలిగినట్టు. నీళ్లు ఇక్కడికి రావడానికి ఇంకా కొంత సమయం ఉంది. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు. ఓదెలు ఫోను పెట్టేయబోతే గట్టయ్య పెట్టొద్దన్నాడు. అక్కడున్న వాళ్లందరినీ ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పమన్నాడు. తెర మీద కనిపిస్తే చాలదట, చెవులతో వినాలట.

వరసగా వచ్చారు. రాయమల్లు చెప్పాడు. చంద్రక్క చెప్పింది, చంకలో మనవరాలి పేరు కూడా తనే చెప్పింది. యాకూబ్ తన ఆటో కూడా ఎక్కిందని చెప్పబోయి, ఓదెలు వైపు చూసి పేరొక్కటే చెప్పాడు. ముసలి దుర్గయ్యకు చెవుడు, ఏం చెప్పాలో మూడుసార్లు చెప్పించుకుని చెప్పాడు. మధ్యలో వాగు వచ్చింది. ముందు గాలి వచ్చింది, తరవాత నేల అదిరింది, నా బల్ల అదిరింది. కిటికీలో నుంచి ఎర్రటి నీళ్లు గోడలా పోవడం అందరూ చూశారు. కొత్త దండ వేసిన ట్రాక్టరు ఒక్కసారి పైకి లేచి మళ్లీ కనిపించలేదు. ఓదెలు అటు చూసి, ఇటు తిరిగి, గోడకు నుదురు ఆనించాడు. వరసలో తరవాతి మనిషి ఫోను దగ్గరికి వచ్చి తన పేరు చెప్పింది.

పేర్లన్నీ అయ్యాక గట్టయ్య ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఓదెలు గదీ అరుగూ అంతా చూసి, అయిపోయారన్నాడు. "మరి అవ్వ?" అన్నాడు గట్టయ్య.

అప్పుడు అందరూ మూలకు చూశారు. లస్మవ్వ నా బల్ల కింద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. అరికాలు తెగి రక్తం కారుతోంది. తనను కూడా లెక్కించాలని ఆమెకు తోచనే లేదు. ఓదెలు తీగ సాగదీసి ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నేను లస్మవ్వను కొడుకా," అంది. "నేను గూడ ఉన్న."

అటు వైపు గట్టయ్య చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో ఒక్క ముక్క కూడా జారవిడవకుండా తెచ్చి ఆ గదిలో వినిపించాను.